1968 నాటి ఇల్లు, 14 టేకు కిటికీలు: అన్నీ మార్చేయాలా?

గోదారిగట్టు (హైదరాబాద్) · 14 జూన్ 2025

నమస్కారమండి. రాజమండ్రిలో మా తాతగారు కట్టిన ఇల్లు ఉంది. 1968లో గృహప్రవేశం. రోడ్డు కమ్ రైలు వంతెన కంటే ఆరేళ్ళు పెద్దదన్నమాట. అమ్మ ఒక్కతే ఉంటుంది, 71 ఏళ్ళు. నేను నెలకోసారి గౌతమి ఎక్కి వెళ్ళొస్తుంటాను.

ఇంట్లో మొత్తం 14 కిటికీలు, అన్నీ నాలుగడుగులకి నాలుగడుగులు. టేకు ఫ్రేము, రెండేసి రెక్కలు, రెక్కకి మూడు అద్దాలు, లోపల ఇనప ఊచలు. బాధలు చెప్తాను. కొన్ని వానాకాలం వస్తే బిగుసుకుపోతాయి. వెనక స్టోరు గదిలో రెండింటికి చెదలు పట్టాయి. దోమల సంగతి సరేసరి. పడమటి పడకగది సాయంత్రం నాలుగింటికి పెనంలా ఉంటుంది, ఏసీ వేసినా చల్లబడదు. పైగా రోడ్డు పెరిగి హారన్ల మోత.

ఒక కాంట్రాక్టరు వచ్చి కొలతలు తీసుకుని యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ ఫ్రేము) స్లైడింగ్ కిటికీలకి కొటేషన్ ఇచ్చాడు. 224 చదరపు అడుగులు, అడుగు 750. లక్షా అరవై ఎనిమిది వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 1,98,240. "పాత కిటికీలు పీకడానికీ తీసుకెళ్ళడానికీ డబ్బులేమీ వద్దు సార్, అది మేమే చూసుకుంటాం" అన్నాడు. మర్యాదస్థుడిలాగే కనిపించాడు.

అమ్మ మాత్రం "నీ ఇష్టం రా" అంది. మా అమ్మ నీ ఇష్టం అందంటే ఇష్టం లేదని అర్థం. రెండు లక్షలు పెట్టడం దండగా కాదా, చెప్పండి.

---

బెజవాడ_ఎండ (విజయవాడ) · 14 జూన్

ఆలోచించకుండా మార్చేయండి బ్రదర్. మేం 2019లో మార్చాం. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి టేబుల్ మీద పేరు రాసుకునేంత దుమ్ము ఉండేది, ఇప్పుడు లేదు. రోడ్డు మీద బారాత్ పోతున్నా టీవీ వినిపిస్తుంది. రంగులక్కర్లేదు, చెదలు పట్టవు. సెంటిమెంటు పక్కన పెట్టండి.

---

కొలతటేపు (కాకినాడ, రిటైర్డ్ ఏఈ) · 15 జూన్

గోదారిగట్టు గారూ, మార్చాలా వద్దా అన్నది తర్వాత. ముందు ఆ కొటేషన్లో ఏం లేదో చూద్దాం.

మీ ఊచలు ఎక్కడ ఉన్నాయి? పాత పద్ధతిలో ఫ్రేములోనే దిగ్గొట్టి ఉంటాయి. ఫ్రేము పీకితే ఊచలూ పోతాయి. అమ్మగారు ఒంటరిగా ఉండే ఇల్లు కాబట్టి కొత్త గ్రిల్లు తప్పదు. మా వైపు మామూలు ఇనప గ్రిల్లు చదరపు అడుగుకి 180 దాకా ఉంది. 224 అడుగులకి 40,320. ఇది కొటేషన్లో ఉందా?

రెండోది, గోడ. 1968 అంటే చాలా ఇళ్ళలో గానుగ సున్నమే. ఫ్రేము కదలకుండా గోడలోకి హోల్డ్‌ఫాస్టులు, అంటే ఇనప పట్టీలు, పెట్టి ఉంటారు. అవి ఊడదీసేటప్పుడు చుట్టూ అడుగు మేర గచ్చు రాలుతుంది. మళ్ళీ ప్లాస్టరింగు, లప్పం, రంగు. కిటికీకి తక్కువలో తక్కువ 2,500 వేసుకోండి, 35,000. అన్నీ కలిపితే 2,73,560. మీరు రెండు లక్షలు అనుకుంటున్నది ఇది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. కిటికీల పైన లింటెల్ (పైగోడ బరువు మోసేది) ఉందా? సిమెంటు దిమ్మా, రాతి పలకా, ఇటుకల ఆర్చియా? ఆర్చి అయితే ఇన్నేళ్ళలో కాస్త బరువు ఫ్రేము మీదికి దిగి ఉండొచ్చు. ఆసరాగా కర్రలు పెట్టకుండా ఫ్రేము లాగేస్తే గోడ పగులుతుంది. కాంట్రాక్టర్ని ఈ ప్రశ్న అడిగి అతని ముఖం చూడండి.

---

ఓరుగల్లు_వాణి (హనుమకొండ) · 15 జూన్

స్లైడింగ్ అంటున్నారు కాబట్టి ఒక మాట. మా ఇంట్లో నాలుగేండ్ల కింద పెట్టించినం. కంపెనీ పేరు వద్దు గానీ, మంచి షోరూమే. స్లైడింగ్ కిటికీ ఎప్పుడూ సగమే తెరుచుకుంటది. ఒక అద్దం జరిపితే ఇంకో అద్దం ముందుకు పోయి నిలబడుతది, అంతే. కరెంటు పోయిన రోజు తెలిసింది మాకు, పాత కిటికీ ఎంత గాలి ఇచ్చేదో.

ఇంకోటి, కింద పట్టాలో నీళ్ళు బయటకు పోయేందుకు చిన్న చిన్న కన్నాలుంటయి. మాకు బిగించినప్పుడు సీలెంటుతో వాటినే మూసేసిపోయిండ్రు. మొదటి పెద్ద వానకు పట్టా నిండి నీళ్ళు మంచం మీదికి వచ్చినయి. ఫోన్ చేస్తే "వారంటీలో రాదు మేడం, వర్షం నాచురల్" అన్నడు! చివరికి మా ఆయన హెయిర్‌పిన్‌తో కన్నాలు పొడిచి తెరిచిండు. ఇప్పటికీ ప్రతి జూన్‌లో ఆ పని ఉంటది.

కబ్జాల కిటికీ పెట్టించుకోండి, అదే కేస్‌మెంట్. కబ్జాలను మీ దగ్గర బందులు అంటరు కదా. మార్చేది ఉంటే అదే మంచిది.

---

కొలతటేపు · 15 జూన్

వాణి గారు చెప్పినదానికి లెక్క కూడా ఉంది. వేడీ తేమా రెండూ ఎక్కువున్న చోట, గది నేల వైశాల్యంలో ఆరో వంతైనా గాలి వెలుతురు వచ్చే కిటికీలు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళిలో ఉంది. పది బై పన్నెండు గది అంటే 120 అడుగులు, అందులో ఆరో వంతు 20. మీకు గదికి రెండు కిటికీలుంటే 32 అడుగులు, సరిపోయింది. వాటికే స్లైడింగ్ పెడితే గాలి వచ్చే జాగా 16కి పడిపోతుంది. తాతగారి కాలపు మేస్త్రీ నియమావళి చదివాడో లేదో గానీ కొలత తప్పలేదు.

---

చిత్రిక (ఏలూరు) · 16 జూన్

ఆ కాంట్రాక్టరు మర్యాదస్థుడే లెండి. తెలివైన మర్యాదస్థుడు.

మాది మూడు తరాల వడ్రం పని, నాకు ఫర్నిచర్ కొట్టు ఉంది. మీ కిటికీ ఒక్కటి లెక్క కడదాం. ఫ్రేము చెక్క నాలుగంగుళాలకి మూడంగుళాలు అనుకుందాం, ఆ రోజుల్లో అంతకంటే సన్నం పెట్టేవాళ్ళు కాదు. చుట్టూ 16 అడుగులు, నడిమి నిలువు నాలుగు, మొత్తం 20 అడుగులు. అంటే ఒకటీ ముప్పాతిక ఘనపుటడుగులకి కాస్త తక్కువ. రెక్కలు రెండూ కలిపి ఇంకో ముప్పాతిక లోపు. దగ్గర దగ్గర 2.4. పద్నాలుగు కిటికీలకి 33 ఘనపుటడుగుల టేకు.

ఈమధ్య నేను కొన్న కొత్త టేకు ఘనపుటడుగు 4,800 పడింది. అదీ లేత మాను, సగం పాలచెక్క, అంటే మెత్తటి పైచెక్క. మీ తాతగారి నాటిది చేవ, లోపలి గట్టి చెక్క. ఏజెన్సీ నుంచి దుంగల్ని తెప్పలు కట్టి గోదారి మీద దింపిన రోజులవి, మీ ఊళ్ళో ఎవరైనా పెద్దవాళ్ళని అడగండి. పాత కర్ర మా దగ్గర ఘనపుటడుగు 1,500కి కళ్ళు మూసుకుని కొంటారు. తమిళనాడులో కారైకుడి పాతసామాన్ల బజారుకి వెళ్ళే సరుకైతే ఇంకా పైమాట. "డబ్బులేమీ వద్దు సార్, మేమే తీసుకెళ్తాం" అన్నదాని ఖరీదు యాభై వేలండీ.

మార్చుకుంటే మార్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కర్ర మాత్రం ఊరికే ఇవ్వకండి.

ఇప్పుడు రోగం సంగతి. ఈసారి వెళ్ళినప్పుడు ఒక స్క్రూడ్రైవరు తీసుకుని ప్రతి కిటికీకీ నాలుగు చోట్ల పొడవండి. ఫ్రేము కింది రెండు మూలలు, రెక్కల కింది అడ్డపట్టీ రెండు చివర్లు. నీళ్ళు నిలిచేది అక్కడే, పుచ్చేది అక్కడే. మొన తిరగ్గొడితే ఆ కిటికీ ఇంకో యాభై ఏళ్ళు ఉంటుంది. పావంగుళం దిగితే పుచ్చిన మేర కోసి ముక్క అతకొచ్చు. పిడి దాకా దిగితే దండం పెట్టి తీసేయండి.

బిగుసుకుపోయేవాటిని ఇప్పుడు చిత్రిక పట్టించొద్దు. ఎవడొచ్చి పడతానన్నా వద్దనండి. వానకి ఉబ్బిన చెక్కని ఇప్పుడు చెక్కితే సంక్రాంతి నాటికి ఎండి సందు వస్తుంది, ఆ సందులోంచి దోమలొస్తాయి, అప్పుడు కిటికీని తిడతారు. ప్రస్తుతానికి రాసుకుంటున్న అంచు మీద కొవ్వొత్తి రుద్దించండి. చెక్కడం పని డిసెంబరులో.

---

గోదారిగట్టు · 24 జూన్

వెళ్ళొచ్చాను. అమ్మ నన్ను స్క్రూడ్రైవరుతో చూసి "ఏం రా, కిటికీలకి ఇంజెక్షన్లా?" అంది.

ఫలితాలు. తొమ్మిది రాయిలా ఉన్నాయి. ఒకచోట నా స్క్రూడ్రైవరు జారి వేలు గీసుకుంది కానీ చెక్కకేం కాలేదు. ఆ తొమ్మిదిలో మూడు వానకి బిగుసుకునేవి. ఇంకో మూడింటికి రెక్కల కింది పట్టీ మెత్తబడింది, రంగు పొర కింద చెక్క తడిసిన రస్కులా ఉంది. స్టోరు గది రెండూ పోయాయి. ఫ్రేము మీద వేలితో నొక్కితే రంగు మాత్రమే ఉంది, లోపలంతా చెదల మట్టి. స్క్రూడ్రైవరు నిజంగానే పిడి దాకా దిగింది.

లింటెల్ గురించి: వెనకవైపు గచ్చు ఊడిన చోట చూశాను, రాతి పలక ఉంది. కాంట్రాక్టర్ని గ్రిల్లు గురించి అడిగితే "అది ఎక్స్‌ట్రా సార్, అందరికీ తెలిసిందే కదా" అన్నాడు. పాత కిటికీలు మేమే ఉంచుకుంటామంటే అడుగు 750 కాస్తా 790 అయింది!

---

చిత్రిక · 24 జూన్

చెప్పానా.

---

మంచు_ఊరు (మిన్నెసోటా, అమెరికా) · 25 జూన్

మాది తెనాలి, ఇక్కడికి వచ్చి పదహారేళ్ళు. మా దగ్గర ఈ చర్చ ప్రతి చలికాలం నడుస్తుంది. మా ఇల్లు 1950ల నాటిది. జనవరిలో బయట మైనస్ ఇరవై ఐదు, లోపల ఇరవై. నలభై ఐదు డిగ్రీల తేడా ఉంటుంది కాబట్టి ఇక్కడ రెండు పొరల అద్దం లేకుండా కుదరదు. అయినా మేం కొత్తవి పెట్టించలేదు. పాత చెక్క కిటికీకి బయటి నుంచి ఇంకో అద్దపు కిటికీ బిగిస్తారు, స్టార్మ్ విండో అంటారు. కొత్త కిటికీలో చిన్న వంతు ఖర్చు. గాలి దూరడం ఆగింది, హీటింగ్ బిల్లు తగ్గింది.

ఒక జాగ్రత్త. ఇక్కడ 1978కి ముందు కట్టిన ఇళ్ళలో పాత రంగు గీకాలంటే భయపడతారు, అందులో సీసం ఉంటుంది. మన దేశంలో రంగుల్లో సీసం 90 పీపీఎంకి (పది లక్షల పాళ్ళలో 90కి) మించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. 1968 నాటి రంగుని పొడిగా ఎమరీ పేపర్ పట్టి రుద్దితే ఆ ధూళి అమ్మగారు పీలుస్తారు. తడిపి గీకించండి, ఆ రోజులు అమ్మగారిని చుట్టాలింటికి పంపండి.

---

బెజవాడ_ఎండ · 25 జూన్

చూశారా, అమెరికాలో రెండు పొరల అద్దం లేకుండా కుదరదంటున్నారు. మనకి ఎండ ఇంకా ఎక్కువ. డబుల్ గ్లేజింగ్ పెట్టించండి, ఏసీ బిల్లు సగం అవుతుంది.

---

యూనిట్_మీటర్ (హైదరాబాద్) · 26 జూన్

సగం అవ్వదండి. లెక్క వేద్దాం, నాకు ఇదే ఉద్యోగం.

అద్దం ఎంత వేడిని లోపలికి పంపుతుందో చెప్పే అంకె ఒకటుంది, యూ-విలువ. మామూలు ఒక పొర అద్దానికి అది 5.8 దగ్గర, మధ్యలో గాలి ఉన్న రెండు పొరలకి 2.8 దగ్గర. తేడా 3. మీ కిటికీ ఒకటిన్నర చదరపు మీటర్లు. బయట 42, లోపల 26 అనుకుంటే తేడా 16 డిగ్రీలు. మూడింటినీ గుణించండి: 72 వాట్లు. ఏసీ ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడిని బయటికి తోస్తుంది కాబట్టి కరెంటు మిగిలేది 24 వాట్లు. రోజుకి ఎనిమిది గంటలకి యూనిట్‌లో ఐదో వంతు. యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే రోజుకి రూపాయి అరవై పైసలు. వేసవి 120 రోజులకి 192 రూపాయలు.

డబుల్ గ్లేజింగ్‌కి చదరపు అడుగుకి 250 అదనం అడిగారనుకోండి. 16 అడుగులకి 4,000. తిరిగి రావడానికి ఇరవై ఏళ్ళు. మిన్నెసోటాలో నలభై ఐదు డిగ్రీల తేడా, రోజంతా, నెలల తరబడి. అక్కడ లెక్క వేరు.

మీ పడమటి గది బాధ 42 డిగ్రీల గాలి కాదు, నేరుగా పడే ఎండ. సాయంత్రం పడమటి అద్దం మీద చదరపు మీటరుకి 500 వాట్లకి పైనే పడుతుంది. మామూలు అద్దం అందులో నూటికి ఎనభై లోపలికి వదిలేస్తుంది. ఒక్క కిటికీకి 600 వాట్లు. గదిలో ఇస్త్రీ పెట్టె ఆన్ చేసి ఏసీ వేసుకున్నట్టు. దాన్ని ఆపాలంటే అద్దానికి బయటే ఆపాలి. లోపల కర్టెన్ వేస్తే వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. మన అమ్మమ్మలు వట్టివేళ్ళ తడిక కిటికీకి బయట ఎందుకు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు మరి? వెదురు తడిక కట్టినా చాలు.

హారన్ల సంగతి వేరు. శబ్దం సందుల్లోంచి వస్తుంది. ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, అగరొత్తి వెలిగించి అంచు వెంబడి తిప్పండి. పొగ ఎక్కడ వంకర పోతే అక్కడ సందు. రబ్బరు పట్టీ అతికిస్తే చాలా మటుకు తగ్గుతుంది. పూర్తి నిశ్శబ్దం కావాలంటే మాత్రం లామినేటెడ్ అద్దం (రెండద్దాల మధ్య ప్లాస్టిక్ పొర అతికించినది) కావాలి, అది పాత సన్నటి రెక్క మొయ్యదు.

---

బెజవాడ_ఎండ · 26 జూన్

లెక్క ఒప్పుకుంటాను. కానీ అందరూ ఒక విషయం మర్చిపోతున్నారు. వడ్రంగి ఎక్కడ దొరుకుతాడు? పాత కిటికీ బాగుచేసేవాడు ఇవాళ ఒప్పుకుని రేపు ఫోన్ ఎత్తడు. ఎత్తితే "కొత్తది చేయించుకోండి సార్" అంటాడు. ఐదేళ్ళకోసారి రంగు ఎవరు వేయిస్తారు? 71 ఏళ్ళ ఆవిడ ఆ బరువు రెక్కలు లాగి, వంగి గడియ వెయ్యగలదా? మా నాన్నగారు అలా లాగబోయే నడుం పట్టించుకున్నారు, అందుకే మార్చాం. మీరంతా చేవ గురించి మాట్లాడుతున్నారు, నేను ఆవిడ నడుం గురించి మాట్లాడుతున్నాను.

---

చిత్రిక · 27 జూన్

ఇది మంచి మాట. కాదనను. వడ్రంగులు తగ్గారు, మా అబ్బాయే బీటెక్.

ఒకటి రెండు చెప్తాను. రెక్క బరువు కాదు బాధ, వాలిపోవడం. బందుల స్క్రూలు వదులై రెక్క కిందికి దిగి అంచు మీద కూర్చుంటుంది. బందులు మార్చి, పాత స్క్రూ కన్నాల్లో చెక్క మేకు కొట్టి మళ్ళీ బిగిస్తే చిన్నపిల్ల కూడా ఒక వేలితో తోస్తుంది. గడియ వంగకుండా అందే ఎత్తులో పెట్టించొచ్చు. ఉన్నచోటే ఉండాలని ఎక్కడా రాసి లేదు.

పూర్తిగా పోయిన స్టోరు గది రెండింటికీ యూపీవీసీయే పెట్టించండి, అక్కడ కొత్త టేకు పెట్టడం నిజంగా దండగ. కొనేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం తీసుకెళ్ళండి. ప్లాస్టిక్ ఫ్రేము లోపల ఇనప కడ్డీ ఉండాలి. ఉంటే అయస్కాంతం లాగుతుంది. షోరూము శాంపిల్‌కి కాదు, మీ ఇంటికి దింపిన సరుక్కి పెట్టి చూడండి.

ఆ రెండు పాత కిటికీల రెక్కల్ని పారెయ్యకండి. చెదలు ఫ్రేము తిన్నా పైన రెక్కల్లో మంచి కర్ర ఉంటుంది. ఆ కర్రతోనే మీ పుచ్చిన మూడింటికీ ముక్కలు అతికించొచ్చు. అదే మాను, అదే వయసు.

---

ఉప్పుగాలి (విశాఖపట్నం) · 27 జూన్

బందులు మారిస్తే ఇత్తడివి వేయించండి. మా బీచి రోడ్డు వైపు ఇనపవి మూడేళ్ళకి తుప్పు పట్టి కేకలు పెడతాయి. రాజమండ్రిలో ఉప్పుగాలి లేకపోయినా, ఒకసారి పని చేయించినప్పుడు ఆ నాలుగొందలు చూసుకోవద్దు.

దోమలకి వేరే పల్చటి ఫ్రేములో మెష్ చేయించి ఊచలకి లోపలివైపు బిగించండి. అయస్కాంతం పట్టీతో ఊడొచ్చేది అయితే ఉతుక్కోవచ్చు. వెల్‌క్రోది వద్దు, రెండో ఉతుక్కే జిగురు వదిలేస్తుంది.

---

గోదారిగట్టు · 28 జూన్

అందరికీ థ్యాంక్స్ అండి. కాంట్రాక్టరుకి వద్దని చెప్పాను. డిసెంబరు దాకా ఆగుతాను. స్టోరు గదివి మాత్రం ముందే చేయిస్తా, చెదలు పక్క గదికి పాకేలోపు. మందు కొట్టే మనిషిని కూడా మాట్లాడాను.

---

గోదారిగట్టు · 18 జనవరి 2026

పండక్కి వెళ్ళొచ్చి రాస్తున్నాను. లెక్క అడిగినవాళ్ళ కోసం మొత్తం పెడుతున్నా.

స్టోరు గది రెండూ యూపీవీసీ కేస్‌మెంట్, అడుగు 850, పన్నుతో 32,096. గ్రిల్లు, గోడ పని కలిపి ఇంకో 10,760. సరుకు దిగగానే అయస్కాంతం పెట్టాను. మొదటి దానికి లాగింది, రెండోదానికి కింది పట్టీలో లాగలేదు. కుర్రాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మర్నాడు వేరేది తెచ్చారు.

మిగతా పన్నెండింటికీ వడ్రంగి, హెల్పరు 11 రోజులు, 22,000. బందులు, గడియలు, అద్దాల బీడింగు 6,400. మెష్ 192 అడుగులు, అడుగు 110 చొప్పున 21,120. రంగు 14,500. పడమటి గదికి బయట వెదురు తడికలు రెండు, 3,800. మొత్తం 1,10,676. ఇది తక్కువేం కాదు, మెష్ ఒక్కటే ఐదో వంతు తినేసింది. కానీ గ్రిల్లూ గోడా కలిపితే తేలిన 2,73,560తో పోలిస్తే సగం కూడా కాదు.

బెజవాడ_ఎండ గారు చెప్పినట్టే వడ్రంగి దొరకడం నరకం అయింది. ఇద్దరు అడ్వాన్సు అడిగి మాయం. చివరికి ధవళేశ్వరం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, అరవై దాటి ఉంటాయి. స్టోరు గది పాత రెక్క ఒకటి విప్పి, అతుకు దగ్గర మేకు కోసం వెతికి, ఇనప మేకు లేదని తెలిసి చాలాసేపు దాన్నే తిప్పి తిప్పి చూశాడు. మొత్తం చెక్క మేకులేనట. ఆ రెక్క కర్రతోనే ముందు హాలు కిటికీ కింది పట్టీకి ముక్క అతికాడు. రంగు వేసేలోపు ఫోటో తీశాను, అతుకు ఎక్కడుందో నాకే కనబడలేదు.

లోపాలు కూడా చెప్పాలి కదా. హారన్లు తగ్గాయి గానీ పోలేదు. రెండు రబ్బరు పట్టీలు అప్పుడే ఊడి వేలాడుతున్నాయి. హాల్లో ఎడమ వైపు కిటికీ ఒకటి ఇంకా కొంచెం పట్టేస్తోంది, పెద్దాయన కావాలనే అలా వదిలాడు, "ఇంకో వాన చూడనివ్వండి బాబూ, అప్పుడు చెక్కుతా" అని. పడమటి గది సంగతి మే నెలలో గానీ తెలీదు.

అమ్మ ఇప్పుడు గడియ కూర్చునే వేసుకుంటోంది. కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుంది. "వాడు రెండు లక్షలకి పట్టుకుపోతానన్నవి ఇవేనా?" అని పక్కింటావిడకి చూపించి చెప్తోంది. పట్టుకుపోతానన్నది ఊరికేనని, రెండు లక్షలు మనమే ఇవ్వాలని రెండుసార్లు చెప్పాను. వినదు.

---

ఓరుగల్లు_వాణి · 18 జనవరి

మెష్ ఫ్రేము అల్యూమినియందా, చెక్కదా? ఫోటో పెట్టండి.

---

బెజవాడ_ఎండ · 19 జనవరి

ఆ ధవళేశ్వరం పెద్దాయన విజయవాడ వస్తాడేమో కనుక్కోండి బ్రదర్. మా అత్తగారింట్లో ఎనిమిది ఉన్నాయి.